చేట పట్టిన అమ్మవారు

“మా యావిడికేటి పనిరా, బల్బులు గుచ్చుతాది, అంతే” అని వీధి గదిలో భాస్కర్ ఎవరితోనో అంటున్నప్పుడు కుమారి పెరట్లో డేగిసా లోపల ఉంది. ముందురోజు పెళ్ళికి అన్నం వండి తిరిగొచ్చిన డేగిసా అది. నిలబడి తోమితే అడుగు అందదు. అందుకని దాన్ని నేల మీద పక్కకి వాల్చి, తలా భుజాలూ లోపలికి దూర్చి, మాడిన మెతుకుల్ని కొబ్బరి పీచుతో గీకుతోంది. అంత పెద్ద గిన్నె లోపల ఏ మాటైనా గుండ్రంగా తిరిగి మళ్ళీ చెవి దగ్గరికే వస్తుంది. అంతే, అంతే, అంతే అని మోగి ఆగింది. కుమారికి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా కాస్త తీరిక ఉండాలి. ఆ డేగిసా వెనక గుండిగలూ, గరిటెలూ, నీళ్ళ డ్రమ్ములూ, నెయ్యి మరకల షామియానాలూ వరసలో ఉన్నాయి.

సిర్లపేట బజారులో వాళ్ళది టెంట్ హౌస్. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. ఆ ఇంట్లో భాస్కర్, అతని తల్లి నారాయణమ్మ, కుమారి, బడికెళ్ళే కూతురు గౌరి. పెళ్ళికో కర్మకో ఎవరైనా సామాను అడిగితే, కర్రలు పాతే కుర్రాళ్ళకి కూలీ ఉంది, వ్యానుకి కిరాయి ఉంది, జనరేటర్ దగ్గర కూర్చున్నవాడికి టీ ఖర్చు ఉంది. తిరిగొచ్చిన సామాను కడిగి, షామియానాలు ఉతికి, చిరుగులు కుట్టి, తెగిన సీరియల్ సెట్ల తీగలు అతికే పనికి మాత్రం పేరే లేదు. పేరు లేని పనికి కూలీ ఎవరిస్తారు. తడిసిన షామియానాని పిండాలంటే అత్తా కోడలూ చెరో కొసా పట్టుకుని దున్నపోతుని లాగినట్టు లాగాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి తీగ అతుకుతూ షాకు కొట్టి కుమారి కూలబడిపోతే, నారాయణమ్మ “నానూ సేసినాను, నువ్వూ సేస్తావు, ఇందులో సెప్పుకోడానికేటున్నాది” అని కొబ్బరినూనె సీసా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ సీసాయే ఆవిడ జాలి అని అర్థం కావడానికి కుమారికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ పనులన్నిటిలో కుమారికి ఇష్టమైంది ఒకటుంది. అమ్మవారి జాతర సంబరాలకీ చవితి పందిళ్ళకీ కూడలిలో ఇంటెత్తున నిలబెట్టే దీపాల బోర్డులు. ప్లైవుడ్ చెక్క మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, గీత పొడుగునా చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో చిన్న బల్బు వెనక నుంచి గుచ్చాలి. తీగల్ని వరసలుగా కట్టి కంట్రోలర్ పెట్టెకి కలిపితే, ఒక వరస ఆరి ఇంకో వరస వెలుగుతూ బొమ్మ కదిలినట్టు కనిపిస్తుంది. నెమలి పురి విప్పుతుంది, చక్రం తిరుగుతుంది. భాస్కర్ ఎక్కడినుంచో అరచేతంత కాగితం మీద బొమ్మ తెస్తాడు. దాన్ని ఇంటెత్తు చెక్క మీద గీసేది కుమారి. శ్రీకూర్మం దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదువుకుంది. బడిలో ఎక్కువ మాట్లాడేది కాదు. వెనక వరసలో కూర్చుని మనుషుల చేతులు చూసేది. వేరుశనగ ఒలిచే తల్లి వేళ్ళు, వల అల్లే మనిషి బొటనవేలు, నల్లబల్ల తుడిచే మాస్టారి మణికట్టు. ఒక పని చేసేటప్పుడు చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్ళు మూసుకున్నా ఆమెకి కనిపించేది. అది దేనికైనా పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా అనుకోలేదు.

బైపాస్ పడ్డాక పేట మెల్లగా నిద్రలోకి జారుకుంది. ఇదివరకు రాజాం వెళ్ళే బస్సులన్నీ బజారులోంచే వెళ్ళేవి. ఆగిన బస్సులోంచి దిగినవాళ్ళు కూర్మయ్య హోటల్లో టీ తాగి, పక్క కొట్టులో అరటిపళ్ళు కొని, ఎదురుగా చెప్పులు కుట్టించుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఇప్పుడు బస్సులు ఊరి బయట నుంచే పోతున్నాయి. కూర్మయ్య షట్టర్ దించేశాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే. పెళ్ళిళ్ళు రాజాంలో ఏసీ మండపాలకి వెళ్ళిపోయాయి. పాడుబడిన బస్టాండు కుమారికీ నారాయణమ్మకీ షామియానాలు ఆరేసుకునే చోటైంది. ఎక్కడైతే జనం బస్సు కోసం తోసుకునేవాళ్ళో అక్కడ ఎర్రా పసుపూ గుడ్డలు గాలికి ఊగేవి.

అప్పుడు భాస్కర్ నిర్ణయం చేశాడు. ఈ ఏడు ఊరి అమ్మవారు అసిరితల్లి సంబరం అయ్యాక సామాను అమ్మేసి విశాఖపట్నం వెళ్ళిపోవడం. అక్కడ ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని దొరికింది. కింద ఒక గది ఇస్తారు. “నువ్వు మెట్లు తుడుసుకుంటే సాలు, ఫ్లాట్లోళ్ళు పిలిస్తే పైకెల్లి ఓ సెయ్యి ఏస్తే సాలు” అన్నాడు. అది అడిగిన మాట కాదు, చెప్పిన మాట. కుమారి అన్నం వడ్డిస్తూ వింది. ఇక్కడ బల్బులైనా ఉన్నాయి, అక్కడ మెట్లు మాత్రమే ఉంటాయి అనుకుంది. ఆ సంగతి పైకి అనలేదు. బల్బుల కోసం ఊరు వదలనంటే నవ్వుతారు.

సంబరానికి పేటలో ఏటా ఒకటే పెద్ద బోర్డు. అసిరితల్లి రెండు చేతులా పూలపళ్ళెం పట్టుకుని ఉంటుంది. పళ్ళెం ముందుకి ఒరిగితే అందులోంచి పూలు మూడు వరసలుగా కిందకి, జనం నెత్తిమీద రాలినట్టు రాలుతాయి. పాత బల్బులు చచ్చిపోయాయని కుమారి ఆ ఏడు అన్నీ తీసి కొత్తవి గుచ్చింది. ఆ వారమంతా గౌరికి జ్వరం. కర్రలు పాతే కుర్రాళ్ళకి రెండు పూటలా వంట. బోర్డు వెనక కూర్చుని ఒక వరస కట్టేసరికి “ఒలే, కూర మాడతన్నాది” అని వంటింట్లోంచి కేక. ఇంకో వరస కట్టేసరికి “నీల్లు తే” అని వీధిలోంచి కేక. తోలేళ్ళ నాడు, అంటే సంబరానికి ముందు సాయంత్రం, దీపాలు పెట్టే వేళకి బోర్డుని కూడలిలో నిలబెట్టారు. సంబరం కమిటీ పెద్ద నరసింగరావు స్విచ్ వేశాడు.

పూలు కిందకి రాలలేదు. పళ్ళెం ఒరిగిన ప్రతిసారీ పూలు కింద నుంచి పైకి లేచాయి. లేచి, తిరిగి పళ్ళెంలో పడ్డాయి. మళ్ళీ లేచాయి. మళ్ళీ పడ్డాయి. చూడగానే కుమారికి సంగతి తెలిసిపోయింది. పూల వరసల తీగలు తలకిందులుగా కలిపేసింది. పళ్ళెం పళ్ళెంలా లేదు, పూలు పూలలా లేవు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ రోజూ చేసే ఆ పని తెలుసు గనక ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

అంత జనంలోనూ ముందు మాట్లాడింది జగ్గమ్మ. ఏటా అమ్మవారి ఘటం నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగే మనిషి ఆమె. పసుపు పూసుకున్న మొహంతో బోర్డుకేసి చూసి, “ఓలమ్మా, అమ్మోరు బియ్యం సెరుగుతన్నాదే” అంది.

నవ్వులు మొదలయ్యాయి. నరసింగరావు మొహం మాడిపోయింది. ఇది అపచారమని, పక్క ఊళ్ళవాళ్ళు చూస్తే పేట పరువేం కావాలని భాస్కర్ మీద విరుచుకుపడ్డాడు. భాస్కర్ కుమారి మీదకి తిరిగాడు. నలుగురిలో, గౌరి చూస్తుండగా, “ఒక్క తీగ సక్కగా కలపడం రాదేటి నీకు? ఏటి సూసి కలిపినావు, గుడ్డిదానా” అన్నాడు. కుమారి తల వంచుకుంది. అతను తీగలు పీకడానికి నిచ్చెన ఎక్కబోయాడు.

అప్పటికి బోర్డు ముందు ఆడవాళ్ళు గుంపు కట్టారు. కదలడం లేదు. ఒకామె తన చేతుల్ని చూసుకుంటోంది. ఒకామె పక్కామెతో, ఆవిడకి కూడా తప్పలేదన్నమాట అని నవ్వుతూ కళ్ళొత్తుకుంది. ఇంకొకామె రాళ్ళు ఏరడం కూడా పెడితే బాగుండునంది. జగ్గమ్మ నిచ్చెనకి అడ్డంగా వచ్చి నిలబడింది.

“దిగు నాయినా. ఆయమ్మ సెరగబట్టే కదా మనం తింతన్నాం. ఘటం ఎత్తేది నాను. నాకు అపసారం అవుపించలేదు. నీకెక్కడ అవుపించింది?”

ఘటం ఎత్తే మనిషి మాట మీద ఆ రోజు ఊళ్ళో ఇంకో మాట ఉండదు. భాస్కర్ దిగాడు. బోర్డు అలాగే వెలిగింది. ఎవరో ఫోనులో తీసి పంపించారు. మర్నాడు సాయంత్రానికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు, చేట పట్టిన అమ్మవారిని చూడ్డానికి. బైపాస్ మీద వెళ్ళేవాళ్ళు బళ్ళు దారి మళ్ళించుకుని లోపలికి వచ్చారు. పేట బజారులో మనుషులు మనుషులకి తగులుతూ నడిచి ఎన్నాళ్ళయిందో. షట్టర్ వేసిన హోటల్ అరుగు మీద కూర్మయ్య కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూస్తూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుని తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. కుమారి అది చూసింది. చూడ్డమే ఆమె పని కదా. టీ చేతులు అవి. ఒక గ్లాసు పైకీ ఒక గ్లాసు కిందకీ పోవలసిన చేతులు. అవి ఒళ్ళో పడుంటే చూడ్డానికి బాగోలేదు.

ఆ చేతులు బల్బుల్లో ఎలా ఉంటాయో ఆమెకి అక్కడే కనిపించింది. తర్వాత చెప్పుల కొట్టు, తర్వాత అరటిపళ్ళ కొట్టు, తర్వాత బస్సు లేని బస్టాండు. మూసిన ఒక్కో షట్టర్ ముందూ ఒక్కో బోర్డు, ఆ కొట్టులో ఇదివరకు జరిగిన పనే వెలుగుతూ ఆరుతూ. పెళ్ళైన తర్వాత ఇంత పెద్ద సంగతి ఒకటి తనకి తానుగా అనుకోవడం అదే మొదలు. భయం వేసింది. పక్కనెవరైనా చూశారేమో అన్నట్టు కొంగు సర్దుకుంది.

సంబరం అయిపోయింది. భాస్కర్ సామాను కొనేవాళ్ళని పిలిచాడు. ఆ పూట అన్నాల దగ్గర కుమారి, “ఒక్క సంబరం ఆగుదాం బావా. పై యేటికి నాను బొమ్మలు గీస్తాను. జనం వస్తారు” అంది. అతను నవ్వాడు. చెడుగా కాదు, చిన్నపిల్ల చందమామ అడిగితే నవ్వినట్టు. తప్పు కలిపిన తీగకి జనం నవ్వారని ఊరు లేచి కూర్చుంటుందా, ఏటా తప్పు కలుపుతావా అన్నాడు. అపార్టుమెంటువాళ్ళు ఇద్దరు మనుషులు రావాలన్నారని, ఎల్లుండే ప్రయాణమని చెప్పాడు. ఇంకో మాట అంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అనకపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

అప్పుడు నారాయణమ్మ కంచంలోంచి తల ఎత్తకుండానే మాట్లాడింది. “నాను రాను. ఈ వయసులో ఒకలింటి మెట్ల కింద పడుకోడానికి నాకేటి కరమ. గౌరి బడి ఇక్కడున్నాది, అది నాతో ఉంటాది. నాకు మోకాల్లు నొప్పులు, కోడలు నాతో ఉంటాది. నువ్వెల్లు. సామాను మాత్రం అమ్మకు. అది మీ నాన్న ఒక్కడు సంపాయించింది కాదు. ఆ షామియానాలన్నీ నా సేతుల్తో ఉతికినాను.”

నారాయణమ్మ మోకాళ్ళకి ఏ నొప్పీ లేదు. పొద్దున్నే ఆవిడ బస్టాండు గోడ ఎక్కి షామియానా కట్టింది. భాస్కర్ తల్లిని చూశాడు, భార్యని చూశాడు, చెయ్యి కడుక్కున్నాడు. అన్న రోజుకి ఒక్కడే బస్సెక్కాడు, బైపాస్ దాకా నడిచి వెళ్ళి. థాంక్స్ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. ఆ రోజు అంట్లు తోమాక కుమారి కొబ్బరినూనె సీసా తెచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. “నొప్పులేవీ లేవే, ఎల్లి బొమ్మలు గీసుకో” అంది నారాయణమ్మ.

నరసింగరావుని అడగడానికి జగ్గమ్మని తోడు తీసుకెళ్ళింది. ఆయన రైసు మిల్లు వరండాలో కూర్చుని, మగాడు లేకుండా ఇవన్నీ ఎవరు కడతారు, ఎవరు ఎక్కుతారు, ఎవరు జవాబు చెబుతారు అని అడిగాడు. జగ్గమ్మ పమిట నడుముకి దోపి, “నరసింగరావుబాబూ, ఈ యేడు నీ మిల్లు దగ్గర ఎన్ని బళ్ళు ఆగినాయో నువ్వే సెప్పు. జనాన్ని నువ్వు పిలిసినావా, తీగ పిలిసిందా” అంది. ఆయన కాసేపు మిల్లుకేసి చూశాడు. చివరికి పాత చెక్కలు, మిల్లులో పడున్న వైర్లు ఇస్తానన్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. మళ్ళీ అమ్మవారి బొమ్మ జోలికి పోవద్దు. దేవతల్ని ముట్టుకోవద్దు. కుమారి సరే బాబూ అంది. బయటికొచ్చాక జగ్గమ్మ చిన్నబుచ్చుకుంది గానీ కుమారికి లోపల దీపం పెట్టినట్టైంది. దేవతలు వద్దంటే ఇంక మిగిలింది మనుషులే.

ముందు కూర్మయ్య దగ్గరికి వెళ్ళింది. టీ పోసి చూపించమంది. హోటల్ మూసినోడితో ఎకసెక్కాలా అని కసిరాడు. ఆమె నవ్వకుండా, వెళ్ళకుండా అరుగు కింద నిలబడింది. కాసేపటికి కూర్మయ్యే లేచి షట్టర్ సగం ఎత్తి, దుమ్ము పట్టిన రెండు గ్లాసులు కడిగి, మంచినీళ్ళు పోశాడు. మొదటిసారి సగం నీళ్ళు నేలపాలయ్యాయి. మూడోసారికి నీళ్ళు తాడులా సాగాయి. అలా పోస్తూనే ఉన్నాడు, ఆమె చాలు అన్నా కూడా.

తర్వాత ఆడవాళ్ళు వచ్చారు. మొదట్లో వంట అయ్యాకే వచ్చేవాళ్ళు, మొగుడు రాకముందే లేచిపోయేవాళ్ళు. మూసేసిన చెప్పుల కొట్టుని వాళ్ళకోసం తెరిచారు. లోపల చెక్కలు పరిచి, చుట్టూ చేరి, బల్బులు గుచ్చుతూ మాట్లాడుకునేవాళ్ళు. టైలరు రాజకుమారి తన బొమ్మలో కాళ్ళు కూడా కదలాలంది, మిషను తొక్కేది కాళ్ళు కదా, జనం చేతులే చూస్తారంది. ఒకామె తను రోజంతా చేసే పనులన్నీ పెట్టాలంటే బజారు చాలదంది. ఒకామె మొగుడు వచ్చి, కూరలో ఉప్పు లేదని గుమ్మంలో నిలబడి అరిస్తే, నారాయణమ్మ బల్బు గుచ్చుతూనే “ఉప్పు డబ్బా ఎక్కడుందో తెల్దేటి నాయినా నీకు, బొమ్మ గీయించి పంపించీమంతావా” అంది. ఆ కొట్టు అంత నవ్వు ఎప్పుడూ విని ఉండదు. కుమారి తక్కువ మాట్లాడేది. వాళ్ళ మాటలు వింటూ, సుద్దముక్కతో గీస్తూ, తన జీవితంలో ఇంతమంది మధ్య కూర్చుని తనకిష్టమైన పని చేస్తున్నానని ఉన్నట్టుండి గుర్తొచ్చి ఆగేది.

భాస్కర్ ఫోను చేసేవాడు. మొదట్లో కులాసాగా. తర్వాత తర్వాత గొంతు మారింది. ఒక సాయంత్రం చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అన్నాడు.

“మెట్లు నానే తుడుస్తన్నాను. పై ఫ్లాటావిడ గిన్నెలు కూడా తోమమంతన్నాది. మీ యావిడేదీ అని రోజూ అడుగుతారు. ఇద్దర్నీ లెక్కేసే పిలిసినారంట. జీతం మాత్రం నాకొక్కడికే.”

కుమారి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. కాసేపటికి అవతల నుంచి, “పెద్ద గిన్నెలు తోమితే నడుం పట్టేస్తాది గదేటి” అన్నాడు. అవును బావా అంది. అంతకు మించి వాళ్ళిద్దరూ ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మళ్ళీ సంబరం వచ్చింది. తోలేళ్ళ సాయంత్రం చీకటి పడుతుండగా బజారు పొడుగునా స్విచ్‌లు వేశారు. కూర్మయ్య షట్టర్ పక్కన ఇంటెత్తు మనిషి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎర్రటి టీ పోశాడు. చెప్పుల కొట్టు దగ్గర సుత్తి లేచి పడింది. రాజకుమారి మిషను తొక్కింది, కాళ్ళతోనే. బస్టాండు గోడ మీద కండక్టరు టిక్కెట్టు చింపుతున్నాడు, ఒకామె పిల్లని చంకనేసుకుని బస్సు కోసం చెయ్యి ఊపుతోంది. బైపాస్ మీద నుంచి చూస్తే ఊరంతా పనిలో ఉన్నట్టు కనిపించింది. ఆ వెలుగు చూసి బళ్ళు ఒకటొకటిగా లోపలికి మళ్ళాయి. వచ్చినవాళ్ళు కూర్మయ్య బొమ్మ ముందు నిలబడి, మరి టీ ఏదీ అని అడిగారు. అడిగినవాళ్ళకి లేదని చెప్పలేక ఆయన ఆ పూటకని పొయ్యి వెలిగించాడు. అది మళ్ళీ ఆరలేదు.

టెంట్ హౌస్ ముందు పెట్టిన బోర్డు గురించి కుమారి ఎవరికీ చెప్పలేదు. గుడ్డ కప్పి ఉంచింది. గుడ్డ తీశాక, వంగిన వీపుతో ఒక ముసలామె, చేతిలో ఒక బల్బు. ఆమె చెయ్యి చాపి గుచ్చగానే చుట్టూ ఒక ముగ్గు వెలుగుతుంది. ఆరుతుంది. మళ్ళీ గుచ్చుతుంది. నారాయణమ్మ దాన్ని కిందకీ పైకీ చూసింది. “నా ముక్కు అంత పెద్దదేటే” అంది. తర్వాత కుర్చీ తెప్పించుకుని దాని ఎదురుగా కూర్చుంది. సెలవు పెట్టి వచ్చిన భాస్కర్ బైపాస్ దగ్గర బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని, ఆ వెలుగులోంచి నడుచుకుంటూ వచ్చాడు. తన కొట్టు ముందు తన తల్లిని చూసి ఆగిపోయాడు. సంచీ దించలేదు. జనం అతన్ని తోసుకుంటూ పోతున్నారు. చాలాసేపటికి కుమారి పక్కకొచ్చి, “అమ్మ ఇన్నాళ్ళూ ఇలాగే ఒంగి కూకునేదేటి” అని అడిగాడు, ఎన్నడూ చూడనట్టు. అతను మళ్ళీ విశాఖపట్నం వెళ్ళలేదు.

పేట ఒక్కసారిగా మారిపోలేదు. బస్సులు ఇంకా బైపాస్ మీదే పోతున్నాయి. కానీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బోర్డుల కోసం వస్తున్నారు. వచ్చినవాళ్ళు టీ తాగుతారు, అరటిపళ్ళు కొంటారు. చెప్పుల కొట్టులో ఆడవాళ్ళు ఇప్పుడు పొద్దున్నే వస్తారు. కర్రలు పాతే కుర్రాళ్ళకి ఎంతో, బల్బులు గుచ్చేవాళ్ళకీ అంతే. ఆ మాట నారాయణమ్మ పెట్టించింది. డేగిసాలు భాస్కర్ తోముతున్నాడు, రోజూ కాదు గానీ తోముతున్నాడు, లోపలి నుంచి అతని సణుగుడు గుండ్రంగా వినిపిస్తుంటే గౌరి నవ్వుతుంది. కుమారికి ఒక్కోసారి పొద్దున్నే ముగ్గు వేస్తూ కృతజ్ఞత పొంగుకొస్తుంది. తిండి పెడుతున్నారు, గుడ్డ ఇస్తున్నారు, అణిగిమణిగి ఉండు అని పుట్టింట్లో చెప్పి పంపిన కృతజ్ఞత కాదు. నిచ్చెనకి అడ్డం నిలబడ్డ జగ్గమ్మకి, లేని మోకాళ్ళ నొప్పికి, కూర మాడిన వేళకి తలకిందులైన తీగకి, దేవతల్ని ముట్టుకోవద్దని మనుషుల వైపు తోసిన నరసింగరావుకి, వెళ్ళి, తిరిగొచ్చిన మనిషికి కూడా. ఇంతమందికి బాకీ పడి కూడా తల వంచుకోనక్కర్లేదని ఆమెకి ఈ మధ్యే తెలిసింది.

మొన్న నరసన్నపేట నుంచి ఒక కమిటీ పెద్దమనిషి కారులో వచ్చాడు. భాస్కర్ కుర్చీ వేసి, కూర్మయ్య హోటల్ నుంచి టీ తెప్పించాడు. కుమారి లోపల చెక్క మీద గీస్తూ వింటోంది. వాళ్ళకి పాలసముద్రం బోర్డు కావాలి. ఇరవై అడుగులది, ఎంతైనా ఫరవాలేదు. స్వామి పాము మీద పడుకుని ఉండాలి, కాళ్ళ దగ్గర లక్ష్మీదేవి కూర్చుని కాళ్ళు ఒత్తుతూ ఉండాలి. ఆవిడ చేతులు ఆగకుండా కదలాలి, అదే అందం అన్నాడాయన. భాస్కర్ హుషారుగా, అదెంత పని బాబూ, మా ఇంట్లో కట్టేస్తారు, నేను ఒప్పేసుకున్నట్టే అనుకోండి అన్నాడు. అలవాటైన నోరు. అందులో చెడ్డ ఉద్దేశం లేదు. లేదు గనకే, ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవాల్సిందే అని కుమారికి అనిపించింది. బొమ్మ ఏం చెయ్యాలో వీధి గదిలో ఖాయమై, వెనక గదికి తీగలు మాత్రమే వస్తాయి. ఊరికి పొయ్యి వెలిగింది వట్టి తీగలతో కాదు.

ఆమె సుద్దముక్క పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, వీధి గదిలోకి వచ్చింది. బేరానికి వచ్చిన మనిషి ముందు ఆమె అలా వచ్చి నిలబడ్డం అదే మొదలు. భాస్కర్ మాట మధ్యలో ఆపేశాడు.

“బొమ్మలు గీసేది నాను బాబూ. దేవతల బొమ్మలు మా ఊళ్ళో కట్టనని మాటిచ్చినాను, మీ ఊరికి కడతాను. పాలసముద్రం బాగుంటాది” అంది. “కాని సేతులు కదిలేది స్వామివోరివి. ఆవిడకి ఇసనకర్రతో ఇసురుతారు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. భాస్కర్‌కేసి చూశాడు, జవాబు అటునుంచి వస్తుందేమోనని. భాస్కర్ నేలకేసి చూస్తూ, మెల్లగా, “ఆవిడ సెప్పిందే బాబూ” అన్నాడు.

“జనం నవ్వరా అమ్మా?”

“నవ్వుతారు. నవ్వినోళ్ళే ఆగి సూస్తారు బాబూ. మా పేట అలాగే లేసింది.”

పెద్దమనిషి బయట బజారుకేసి చూశాడు. కూర్మయ్య షట్టర్, చెప్పుల కొట్టులోంచి వినిపించే నవ్వులు, ఎండలో వెలగకుండా నిలబడ్డ బోర్డులు. ఒప్పుకోవాలని ఉంది, ఇంకా ఏదో అడ్డం వస్తోంది.

“అది సరేనమ్మా. మరి అమ్మవారు ఏం చేస్తుంది?”

“కూకుంటాది” అంది కుమారి.